ట్రంకుపెట్టెల్లో ఫుట్‌బాల్

1869 నవంబరు 6. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, న్యూ బ్రన్స్‌విక్ పట్నం. రట్గర్స్ కాలేజీ కుర్రాళ్లు 25 మంది ఒకవైపు, ప్రిన్స్‌టన్ నుంచి వచ్చిన 25 మంది మరోవైపు. బంతిని తన్నవచ్చు, చేత్తో చరచవచ్చు. పట్టుకుని పరుగెత్తడానికి మాత్రం వీల్లేదు. యూనిఫారాలు లేవు. ఎవరు ఏ జట్టో తెలియడానికి రట్గర్స్ వాళ్లలో కొందరు ఎర్రగుడ్డలు తలపాగాల్లా చుట్టుకున్నారు. చివరికి రట్గర్స్ 6-4తో గెలిచింది. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ తన వయసు లెక్కపెట్టుకునేది ఆ రోజు నుంచే.

ఆ ఎర్రగుడ్డ ఒక్కటి ఇవాళ దొరికి, ఆనాటిదేనని రుజువైతే వేలంపాట ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. 1869లో దాన్ని దాచాలని ఎవరికి తోస్తుంది? ఆట అయ్యాక దానితోనే చెమట తుడుచుకుని ఉంటారు. తొలినాళ్ల ఆటవస్తువులు సేకరించేవాళ్ల కష్టమంతా ఇక్కడే ఉంది. వస్తువు విలువ తెలిసేసరికి వస్తువు ఉండదు.

అయినా అమెరికావాళ్లు చాలానే నిలుపుకున్నారు. స్పాల్డింగ్ అనే ఆటసామాన్ల కంపెనీ ఏటా అచ్చువేసిన నియమావళి పుస్తకాలు, ఆటకు వచ్చినవాళ్లకు అమ్మిన కార్యక్రమ పత్రాలు, కాలేజీ పేరు కుట్టిన మూడుమూలల గుడ్డజెండాలు, ముక్కు పగలకుండా పళ్లతో కరిచి పట్టుకునే రబ్బరు తొడుగులు, తోలు టోపీలు, అట్టకు అతికించిన జట్టు ఫొటోలు. వీటిలో సిగరెట్టు కార్డుల తీరు వేరు. రిచ్‌మండ్ పట్నంలోని మేయో అనే పొగాకు కంపెనీ 1894లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ఆటగాళ్ల బొమ్మలతో 35 కార్డులు వేసి తన సరుకుతో పాటు పంచింది. వాటిలో ఒక కార్డు మీద ఆటగాడి పేరు అచ్చుపడలేదు. అతను హార్వర్డ్‌కు చెందిన జాన్ డన్‌లప్ అని తర్వాత తేల్చారు. ఆ పేరులేని కార్డు కోసం సేకర్తలు పడే పోటీ ఇప్పటికీ తగ్గలేదు. పొగాకుతో ఊరికే వచ్చిన ముక్క అట్ట అది.

ఇలాంటి కథే మరొకటి ఉంది. 1903 అక్టోబరులో మిన్నెసోటాతో ఆడడానికి వచ్చిన మిషిగన్ జట్టు, అక్కడి నీళ్ల మీద నమ్మకం లేక 30 సెంట్లు పెట్టి ఒక జాడీ కొంది. ఆట 6-6తో సమమైంది. జనం మైదానంలోకి దూసుకొచ్చిన గందరగోళంలో జాడీ అక్కడే ఉండిపోయింది. దాన్ని చూసి పక్కన పెట్టినవాడు ఆస్కార్ మన్సన్ అనే మైదానం పనివాడు. కావాలంటే గెలిచి పట్టుకుపొమ్మని మిన్నెసోటావాళ్లు అన్నారట. ఆ మట్టిజాడీయే ఆ రెండు కాలేజీల మధ్య ట్రోఫీ అయింది. దీనికి పూర్తిగా తిరగబడిన కథ, ఏటా మేటి కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీది. 1935లో మొట్టమొదట దాన్ని అందుకున్న జే బెర్వాంగర్ తన దగ్గరి బంధువురాలి ఇంట్లో ఉంచితే, ఆమె ఆ కంచుబొమ్మను తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టిందట. అక్కడ జాడీకి పీట దక్కింది, ఇక్కడ కంచుబొమ్మకు గుమ్మం దక్కింది. ఏది చరిత్ర అవుతుందో ఆ క్షణాన ఎవరికీ తెలియదు.

ఇంత దూరపు ఆటకూ మద్రాసు పక్కనున్న తిరువళ్లూరు, తిరుత్తణి, ఊత్తుకోట సీమకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. సంబంధం ఉంది. అది మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరి మీదుగా నడుస్తుంది.

ఆ ఊళ్లో వైఎంసీఏ వాళ్లు నడిపే శిక్షణ పాఠశాల ఉండేది. 1890లో యేల్ నుంచి అమోస్ అలోంజో స్టాగ్ అక్కడికి వచ్చి ఫుట్‌బాల్ జట్టు కట్టాడు. 1889లో ప్రకటించిన తొలి అఖిల అమెరికా జట్టులో ఉన్నవాడు స్టాగ్. అతని జట్టులో నడిమి స్థానంలో ఆడినవాడు జేమ్స్ నైస్మిత్. చెవులు నలిగిపోతుంటే తలకు గుడ్డపట్టీ చుట్టుకుని ఆడేవాడని చెబుతారు. హెల్మెట్ చరిత్ర రాసేవాళ్లు ఆ పట్టీని తప్పకుండా తలుచుకుంటారు. 1891 డిసెంబరులో అదే పాఠశాలలో నైస్మిత్ పండ్లబుట్టలు గోడకు కొట్టి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాడు. అక్కడే చదువుకున్న విలియం మోర్గన్ 1895లో పక్కనున్న హోలియోక్‌లో వాలీబాల్ కనిపెట్టాడు. నైస్మిత్ టైపు చేయించి గోడకు అంటించిన 13 నియమాల కాగితాలు 2010లో వేలానికి వస్తే 43 లక్షల డాలర్లకు పైగా పలికాయి. అవిప్పుడు కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదువుకున్న హ్యారీ క్రో బక్ 1919లో మద్రాసుకు వచ్చాడు. మరుసటి ఏడాది వ్యాయామ విద్యకు ఒక పాఠశాల తెరిచాడు. గుప్పెడుమంది విద్యార్థులతో మొదలైన ఆ బడే తర్వాత సైదాపేట, నందనం ప్రాంతంలో స్థిరపడిన వైఎంసీఏ వ్యాయామ కళాశాల. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుతోనూ బక్‌కు పని పడింది. 1943లో చనిపోయేదాకా ఆయన మద్రాసును వదల్లేదు.

మద్రాసు రాష్ట్రం నలుమూలలా, అంటే నెల్లూరు, చిత్తూరు, చెంగల్పట్టు, కోస్తా జిల్లాలన్నిటా, బడి మైదానంలో ఈల ఊదిన డ్రిల్ మాస్టార్లలో ఎందరో ఆ సైదాపేట కళాశాలలో చదివి వచ్చినవాళ్లు. అమెరికన్ కాలేజీ మైదానంలో పుట్టిన క్రమశిక్షణ, జట్టు కట్టే పద్ధతి, ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించే కసరత్తులు వాళ్ల చేతుల మీదుగానే ఊళ్లకు చేరాయి. అమెరికన్ ఫుట్‌బాల్ మాత్రం ఇక్కడికి రాలేదు. ఇక్కడ అప్పటికే ఇంగ్లీషువాళ్ల ఫుట్‌బాల్ వేళ్లూనుకుని ఉంది.

అది వేళ్లూనుకున్న తీరు గురించి కలకత్తాలో ఒక కథ చెబుతారు. 1877లో హేర్ స్కూలులో చదువుతున్న నగేంద్రప్రసాద్ సర్వాధికారి అనే పిల్లవాడు తెల్లసైనికులు ఆడుతున్న చోట బండి ఆపించి, తన కాళ్ల దగ్గరికి వచ్చిన బంతిని తిరిగి తన్నాడట. మర్నాడు తోటిపిల్లలతో చందాలు వేసి మాంటన్ అంగడిలో బంతి కొన్నారు. తీరా అది రగ్బీ బంతి. పక్కనే ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీ ఆచార్యుడు స్టాక్ చూసి, సరైన బంతి తెప్పించి ఆట నేర్పాడంటారు. మన ఫుట్‌బాల్ పుట్టుక కథలో మొదటి వస్తువే పొరపాటు బంతి. ఆ బంతిగానీ దాని బదులు వచ్చిన బంతిగానీ ఇవాళ ఉండి ఉంటే!

ఆనాటి బంతి ఎలా ఉండేదో తెలిస్తేనే దాన్ని పోల్చుకోగలం. పైన దళసరి తోలుపట్టీలు, లోపల రబ్బరు బ్లాడరు. బ్లాడరుకు గాలి కొట్టి, దాని గొట్టాన్ని మడిచి దారంతో బిగించి లోపలికి తోసి, తోలు చీలికను లేసుతో కుట్టినట్టు లాగి కట్టేవాళ్లు. ఆ లేసు ముడి నుదుటికి తగిలితే చర్మం చీరుకుపోయేది. వాన పడితే తోలు నీళ్లు పీల్చుకుని బంతి బరువెక్కేది. మనవాళ్లలో చాలామంది ఆ బంతిని ఉత్తికాళ్లతో తన్నారు. 1911లో ఐఎఫ్ఏ షీల్డు గెలిచిన మోహన్ బగాన్ జట్టులో బూట్లు వేసుకున్నవాడు సుధీర్ చటర్జీ ఒక్కడే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో 2-1 తేడాతో ఓడిన భారత జట్టులోనూ ఎక్కువమంది కాళ్లకు గుడ్డపట్టీలతోనే దిగారు. 1952లో హెల్సింకి చలిలో యుగొస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాకే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. అందుకే అమెరికా సేకర్తల దగ్గర 1890ల బూట్లు ఉన్నట్టు మన దగ్గర ఉండవు. లేని బూట్లను ఎవరు దాస్తారు?

బంతి మీద ఉన్న ముద్ర కాలం చెబుతుంది. ‘సియాల్‌కోట్’ అని ఉంటే అది దేశవిభజనకు ముందుది కావచ్చు. 1947 తర్వాత అక్కడి హిందూ, సిక్కు వ్యాపారులూ పనివాళ్లూ ఇటు తరలివచ్చారు. ఆటసామాన్ల పరిశ్రమ జలంధర్, మీరట్‌లలో పెరిగింది. ముద్రలోని ఊరిపేరు మారింది. లేసు ఉన్నంత మాత్రాన మరీ పాతదనుకోకూడదు. లేసు లేని బంతిని 1931లోనే అర్జెంటీనాలో తయారుచేసినా, మన జిల్లా బళ్లకు అది చేరడానికి చాలాకాలం పట్టింది.

బంతులు చినిగిపోతాయి. ఫొటోలు నిలుస్తాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ, పచ్చయ్యప్ప, క్రిస్టియన్ కాలేజీ, రాజమండ్రి, మచిలీపట్నం, విజయనగరం కాలేజీలు, ఇలా ఎక్కడి జట్టు ఫొటో తీసుకున్నా కూర్పు ఒకటే. ముందు వరసలో ఇద్దరు నేల మీద కాళ్లు మడుచుకుని, వెనక కుర్చీల్లో ప్రిన్సిపాలు, కెప్టెను, ఆటల బాధ్యత చూసే లెక్చరరు, ఆ వెనక నిలబడి చేతులు కట్టుకున్న మిగతావాళ్లు. కెప్టెను ఒళ్లోనో కాళ్ల దగ్గరో బంతి, దాని మీద సుద్దతోనో రంగుతోనో ఏడాది. అట్ట కింద మూలన స్టూడియో పేరు. మద్రాసువైతే మౌంట్ రోడ్డులోని క్లైన్ అండ్ పెయర్ల్, జి.కె. వేల్ లాంటి పేర్లు కనిపిస్తాయి. ఆ అట్టను చింపి కొత్త చట్రం కట్టించేవాళ్లు తెలియకుండానే సగం చరిత్ర పారేస్తున్నారు. పేర్లూ, ఏడాదీ, ఆ ఏట గెలిచిన కప్పుల వివరాలూ ఉండేది ఆ అట్ట మీదే.

ఫొటోలో ముఖాలకు పేర్లు దొరికే మరో చోటు కాలేజీ మ్యాగజైను. క్రిస్టియన్ కాలేజీ పత్రిక 1883లోనే మొదలైంది. తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడే చదివాడు. ఆయన వ్యాసాలు వెతికేవాళ్లు ఉంటారు. కాలేజీ పత్రికలు వేసే ఆటల నివేదికలు చదివేవాళ్లు అరుదు. నిజానికి చరిత్రకారుడికి అవి బంగారం. ఏ రోజు ఎవరితో ఆడారు, ఎవరు గోలు కొట్టారు, మైదానం ఎందుకు తడిసి ఉంది, జట్టుకు చందా ఎంత వసూలైంది లాంటి చిన్న సంగతులు ఇంకెక్కడా దొరకవు.

ఇలాంటి సరుకంతా ఒకప్పుడు చేరిన చోటు మద్రాసు మూర్ మార్కెట్. సెంట్రల్ స్టేషను పక్కన, పీపుల్స్ పార్కు అంచున, 1898లో శంకుస్థాపన జరిగి 1900లో తెరుచుకున్న ఎర్రటి భవనం అది. పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, నాణేలు, పిట్టలు, ఇనప సామాను అన్నీ అక్కడే. చనిపోయిన పెద్దమనిషి ఇంట్లోంచి కాగితాలు తూకానికి వెళితే చివరికి తేలేది అక్కడే. దానికి నాలుగడుగుల దూరంలో కార్పొరేషన్ స్టేడియం, అంటే ఇప్పటి నెహ్రూ స్టేడియం. ఒకవైపు ఫుట్‌బాల్ ఆడేవాళ్లు, మరోవైపు పాత ఫుట్‌బాల్ పుస్తకాలు అమ్మేవాళ్లు. 1985 మే 30న మంటలు లేచి మార్కెట్ కాలిపోయింది. ఎన్ని కాలేజీ మ్యాగజైన్లు, ఎన్ని జట్టు ఫొటోలు ఆ మంటల్లో పోయాయో లెక్క కట్టగలిగినవాళ్లు లేరు. ఆ స్థలంలోనే ఇప్పుడు రైల్వేవాళ్ల మూర్ మార్కెట్ కాంప్లెక్స్ ఉంది. తిరుత్తణి, తిరువళ్లూరు నుంచి లోకల్ రైలెక్కి చెన్నైలో దిగేవాళ్లు రోజూ కాలు పెట్టేది ఆ పాత పుస్తకాల అంగళ్లు ఉండిన నేల మీదే.

తెలుగునాట కాలేజీ ఫుట్‌బాల్ ఒక ఎత్తుకు చేరింది హైదరాబాదులో. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో అక్కడ పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడాడు. ఆ తర్వాత అక్కడి విద్యార్థులూ పూర్వవిద్యార్థులూ కలిసి కట్టుకున్న ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులో ఆడాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పంతులుగా పనిచేశాడు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. సిటీ పోలీసు జట్టు ఆయన చేతిలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. దేశపు కోచ్‌గా రహీం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చాడు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి మళ్లీ స్వర్ణం పట్టాడు. అప్పటికే క్యాన్సరుతో ఉన్నాడు. 1963 జూన్ 11న కన్నుమూశాడు. 2024లో ఆయన మీద ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా దేశంలో సగంమందికి ఆ పేరే తెలియదు.

ఇంత గెలుపుకు వస్తువులు ఎన్ని మిగిలాయి? చూడబోతే చాలా తక్కువ, దానికి కారణం కప్పుల పద్ధతిలోనే ఉంది. రోవర్స్, డ్యూరాండ్, సంతోష్ ట్రోఫీ అన్నీ ఏడాదికొకరి చేతికి మారేవి. గెలిచిన జట్టు పేరు పీటకు చుట్టిన వెండిపట్టీ మీద చెక్కుతారు, కప్పు మరుసటి ఏడు తిరిగి వెళుతుంది. 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్‌లో గెలిచినవాళ్లకు ఒకటి కాదు, మూడు కప్పులు ఇస్తారు. డ్యూరాండ్ కప్పు, 1904లో సిమ్లా పౌరులు ఇచ్చిన సిమ్లా ట్రోఫీ, 1956లో రాజేంద్రప్రసాద్ ఇచ్చిన ప్రెసిడెంట్స్ కప్పు. మొదటి రెండూ తిరుగుతూనే ఉంటాయి. ఆటగాడి ఇంటికి చేరేది చిన్న పతకం ఒక్కటే. హైదరాబాదు ఆటగాళ్లలో చాలామంది పోలీసు ఉద్యోగులు, మామూలు ఇళ్లవాళ్లు. ఇంట్లో పెళ్లి వస్తేనో జబ్బు వస్తేనో ముందు తాకట్టు కొట్టుకు వెళ్లేది వెండే. పతకం వెనక చెక్కిన పేరూ ఏడాదీ మూసలో కరిగిపోతాయి. అలా అమ్ముకున్నవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వాటిని కొని భద్రపరచాల్సిన సంస్థలు అప్పుడు లేకపోవడమే అసలు లోటు.

బ్లేజర్లు కాస్త మేలు. ఒలింపిక్స్‌కు వెళ్లినవాళ్ల కోటు జేబు మీద కుట్టిన చిహ్నం, ఏడాది ఉంటాయి. తొడుక్కోవడానికి పనికిరాకపోయినా ఇంట్లోవాళ్లు పారేయరు. సేకర్త ముందు అడగాల్సింది ఆ కోటు గురించే. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్ లాంటి హైదరాబాదీలు ఆ కాలపు భారత జట్లకు వెన్నెముక. బలరాం 2023 ఫిబ్రవరిలో, రహీం కొడుకు, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు ఎస్.ఎస్. హకీం 2021 ఆగస్టులో వెళ్లిపోయారు. ఫొటో చూపిస్తే రెండో వరసలో ఎడమనుంచి నాలుగోవాడు ఎవరో చెప్పగలిగిన తరం దాదాపు అయిపోయింది. ఇప్పుడిక ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో రాసిన పేరే సాక్ష్యం. ఇంకు పెన్నుతో రాస్తే కొన్నేళ్లకు మరక ముందువైపుకు దిగుతుంది.

పతకాల మీద రాష్ట్రం పేరు కూడా జాగ్రత్తగా చదవాలి. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని 1956, 1957 పోటీల్లో గెలిచింది ‘హైదరాబాద్’ జట్టు. 1957 పోటీ నాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా ఫుట్‌బాల్ సంఘం పాతపేరుతోనే నడిచింది. 1965 పోటీలో గెలిచింది మాత్రం ‘ఆంధ్రప్రదేశ్’. ఈ సంగతి తెలియని అమ్మకందారు 1957 నాటి పతకం మీద రాష్ట్రం పేరు తప్పుపడిందనుకుని తక్కువకు ఇచ్చేయవచ్చు, లేదా ఎవరైనా నకిలీ చేసేవాడు 1957 పతకం మీద ఆంధ్రప్రదేశ్ అని చెక్కి దొరికిపోవచ్చు.

ఊత్తుకోట, తిరుత్తణి వైపు, పేరును బట్టి కాలం పోల్చే ఈ పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఊరు కదలకుండానే జిల్లా మారుతూ వచ్చింది. తిరుత్తణి 1911 దాకా ఉత్తర ఆర్కాడు జిల్లా. ఆ ఏడు ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడగానే దాంట్లోకి వచ్చింది. రాష్ట్రాల సరిహద్దు తగాదాపై పటాస్కర్ ఇచ్చిన తీర్పు మీద చేసిన చట్టం 1960 ఏప్రిల్ 1న అమల్లోకి రాగానే తాలూకాలో ఎక్కువభాగం మద్రాసు రాష్ట్రానికి, చెంగల్పట్టు జిల్లాకు వెళ్లింది. బదులుగా చెంగల్పట్టు వైపు నుంచి సత్యవేడు ప్రాంతపు పల్లెలు చిత్తూరులో కలిశాయి. దాంతో ఊత్తుకోట పక్కనుంచే రాష్ట్రాల గీత పడింది. 1997లో తిరువళ్లూరు వేరే జిల్లా అయింది. జిల్లా స్థాయి బడిపోటీల షీల్డు, సర్టిఫికెట్టు, రిబ్బను ఏది దొరికినా దాని మీద ఆనాటి జిల్లా పేరు ఉంటుంది. తిరుత్తణి బడి పేరు పక్కన ‘ఉత్తర ఆర్కాడు’ అని ఉంటే 1911కి ముందుది. ‘చిత్తూరు’ అని ఉంటే 1911కీ 1960కీ మధ్యది. ‘చెంగల్పట్టు’ అయితే 1960 తర్వాతిది. సత్యవేడు, నాగలాపురం వైపు ఇళ్లలో వెతికేవాళ్లు ‘చెంగల్పట్టు’ అన్న పేరు చూసి ఇది పొరుగు రాష్ట్రానిదని పక్కన పెట్టకూడదు. సత్యవేడు బడిదే అయితే ఆ పేరు 1960కి ముందు కాలాన్ని చెబుతుంది.